అమ్మవారు గంప అడిగిన రోజు

నా చిన్నప్పుడు కొంతకాలం నాకు ఎడమ కనుబొమ్మ లేదు. ఒక్కో వెంట్రుకా నేనే పీక్కున్నాను. కావాలని చేసిన పని కాదది. చేయి దానంతట అదే పైకి పోయేది, వేళ్లు వెతుక్కునేవి, ఒకటి దొరకగానే పుటుక్కున లాగేదాన్ని. ఆ చురుక్కుమన్న నొప్పికి లోపలి గుబులు ఒక్క క్షణం ఆగేది. మా నాయనమ్మ మాత్రం రాత్రిపూట దయ్యమే వచ్చి పీకుతోందని తేల్చేసింది. పాపం, పసిపిల్లకు ఇంకెవరు కీడు చేస్తారని ఆమె ఉద్దేశం.

మాది శంషాబాద్ పక్కన, సాతంరాయికి దగ్గరలో ఒక పల్లె. ఇప్పుడు మా మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే తల మీదుగా విమానాలు దిగుతాయి. అప్పట్లో బెంగళూరు రోడ్డు మీద బస్సు వస్తే చాలు, పిల్లలమంతా చూడటానికి పరిగెత్తేవాళ్లం. మా బాపు వరి, కూరగాయలు పండించేవాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. అందుకే తన బిడ్డకు రావాలని పట్టుదల. ఆడపిల్లను బడికి పంపడమే గొప్ప అనుకునే రోజుల్లో, బడి కాక పొద్దున్నే సారు దగ్గరికి ట్యూషన్‌కు కూడా పంపేవాడు. మా తోటలో మొదటి కాపు వంకాయలు, మొదటి బీరకాయలు సారు ఇంటికే పోయేవి. బాపు చేసిన మంచి పని అది. ఇప్పటికీ ఆ పనికి ఆయన్ని తప్పు పట్టను.

సారు మా ఊరివాడు కాదు. పట్నం నుంచి వచ్చి, కిరాయి ఇంట్లో ఉంటూ పిల్లలకు చదువు చెప్పేవాడు. మల్లెపూవు లాంటి తెల్ల చొక్కా వేసుకునేవాడు. పెద్దవాళ్లతో మాట్లాడితే నోట్లో తేనె ఊరేది. ఒక్క దెబ్బ కూడా కొట్టేవాడు కాదు. దాంతో ఊరంతా ఆయన్ని దేవుడనుకునేది. కొట్టాల్సిన అవసరం ఆయనకు లేకపోయింది, ఎందుకంటే ఆయన వాకిట్లో కోళ్ల గంప ఉండేది.

ఎక్కం చెబుతూ ఎక్కడైనా తడబడితే నన్ను వాకిట్లో గొంతుక్కూర్చోబెట్టి, మీద ఆ వెదురు గంప బోర్లించేవాడు. గంప మీద ఒక రాయి పెట్టేవాడు. తక్కిన పిల్లలను చుట్టూ నిలబెట్టి, గుప్పెడు నూకలు నా ముందు చల్లేవాడు. కోడిలా కూస్తే తప్ప రాయి తీసేవాడు కాదు. మెల్లగా కూస్తే వినపడలేదనేవాడు. పిల్లలు నవ్వేవారు. నవ్వని వాళ్లు తర్వాత గంప కిందికి పోతారని అందరికీ తెలుసు. ఆ రెట్టల కంపు, సందుల్లోంచి కనిపించే వాళ్ల కాళ్లు, నవ్వులు. ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు పళ్లు పటపటలాడుతున్నాయి.

నాకు ఎక్కాలు రాక కాదు. ఇంట్లో బర్రెకు గడ్డి వేస్తూ గడగడా చెప్పేదాన్ని. ఆయన నీడ పలక మీద పడగానే నాలుక అతుక్కుపోయేది. అంతే, గంప కిందికి. మర్నాడు పొద్దున అమ్మ గూట్లోంచి నా పలక తీసే చప్పుడు వినగానే కడుపులో మెలిపెట్టేది. నిజంగానే నొప్పి. దొంగ నొప్పి అని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒప్పుకోను. పక్క తడిపేదాన్ని. అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. జడ కొసను నములుతూ కూర్చునేదాన్ని. మా ఇంట్లో కోళ్లు కొక్కొక్కో అంటే చెవులు మూసుకుని ఇంటి వెనక నుంచి తిరిగి పోయేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పాలి? నాకు ఎక్కం రాలేదు, నేను కోడిలా కూశాను అనా? సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

మా వాళ్లు నన్ను పట్టించుకోలేదని అనుకోకండి. ప్రాణం పెట్టారు. బొడ్డు జరిగిందని నాయనమ్మ నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీద చిన్న దీపం వెలిగించి, దాని మీద ఇత్తడి చెంబు బోర్లించింది. కడుపులో పురుగులున్నాయని అమ్మ ఆముదం తాగించింది. జడుసుకుందని బాపు దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించాడు. శంషాబాద్ దవాఖానలో ఎర్ర మందు సీసా ఇచ్చారు. అన్నీ అయ్యాక, మందు తాగావు కదా బిడ్డా, ఇంక పో అని నా చేతికి పలక ఇచ్చి మళ్లీ అక్కడికే పంపేవారు. ఎవరికి వాళ్లు నా ఒంట్లో వెతికారు. వైద్యం మీద వైద్యం చేసి, జబ్బు దగ్గరికి చేయి పట్టుకుని నడిపించుకుపోయారు.

అట్లాంటి సమయంలో బోనాల పండుగకు మా పెద్దత్త వచ్చింది. పెద్దత్త అంటే బాపు కన్నా పెద్దదైన సొంత అక్క. మైలార్‌దేవ్‌పల్లిలో కాపురం. మామ కాటేదాన్‌లో ఒక బిస్కెట్ల కార్ఖానాలో పనిచేసేవాడు. ఆషాఢంలో పోచమ్మకు బోనం ఎత్తడానికి ఆడబిడ్డలు పుట్టింటికి రావడం మాలో ఆనవాయితీ. ఆమె పండుగకు వారం ముందే దిగేది. పొడుగ్గా, నల్లగా, బుగ్గన ఎప్పుడూ వక్కతో ఉండేది. ఆమె నోటికి ఊళ్లో మగాళ్లు కూడా జంకేవాళ్లు. బిస్కెట్ల పొట్లం నా ఒళ్లో పడేసి, గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూసింది.

“ఈ పొల్ల కనుబొమ్మ ఏమైందే?” అని అమ్మను అడిగింది. దయ్యం పీకుతోందని నాయనమ్మ లోపలి నుంచి జవాబిచ్చింది. “ఊర్ల ఇంతమంది ఉండంగ దయ్యానికి దీని కనుబొమ్మే దొరికిందా? దానికి వేరే పని లేదా?” అని పెద్దత్త నవ్వింది. నవ్వింది కానీ చూపు నా మీద నుంచి తీయలేదు.

రెండు మూడు రోజులు ఆమె నన్ను ఏమీ అడగలేదు. నా వెంట కళ్లు మాత్రం తిప్పింది. ఏ చప్పుడుకు నేను ఉలిక్కిపడుతున్నానో, ఎప్పుడు కడుపు పట్టుకుంటున్నానో, కోళ్లను చూసి ఎందుకు చుట్టూ తిరిగి పోతున్నానో అన్నీ గమనించింది. ఒక సాయంత్రం మేమంతా తింటుండగా, వక్క నములుతూ, ఎవరితోనో అన్నట్టు అంది. “సారు పట్నం పోయిండంట. రేపు ట్యూషన్ లేదంట.”

ఆ పూట నేను రెండు జొన్నరొట్టెలు తిన్నాను. అమ్మ నోరు తెరుచుకుని చూసింది. పక్క తడపలేదు. పొద్దున లేచి, ఎప్పుడో మరిచిపోయిన అచ్చంగిల్లాల రాళ్లు వెతుక్కుని వాకిట్లో కూర్చుని ఆడుకున్నాను. పొద్దు బాగా ఎక్కాక పెద్దత్త వచ్చి నా పక్కన కూర్చుంది. “సారు యాడికీ పోలే. అబద్ధం జెప్పిన. నీ కడుపునొప్పి యాడ కాపురం ఉంటదో సూద్దామని” అంది.

చెప్పకుండా మానేస్తే మర్నాడు సారు ఏం చేస్తాడో నాకు తెలుసు. చేయి మళ్లీ కనుబొమ్మ దగ్గరికి పోయింది. ఆమె ఆ చేతిని మెల్లగా పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. అప్పటిదాకా అందరూ నన్ను ఏమైందని అడిగినవాళ్లే. ఆమె ఒక్క మాట అడిగింది. “ఎవలే?”

లేచి, కొట్టం మూలన ఉన్న మా గంపను లాక్కొచ్చి, గొంతుక్కూర్చుని, నా మీద నేనే బోర్లించుకున్నాను. అంతకన్నా ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. కాసేపటికి గంప పైకి లేచింది. పెద్దత్త ముఖంలో నవ్వు లేదు. నన్ను ఎత్తుకుని, ఇంత పెద్దపిల్లను, చంకనేసుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. అప్పుడు చెప్పాను. నూకలు, రాయి, కూత, అన్నీ. ఆమె ఊ కొట్టకుండా విన్నది. అంతా అయ్యాక వక్క ఉమ్మేసి, “సరే” అంది.

బాపు పొలం నుంచి రాగానే ఆమె చెప్పింది. బాపు నన్ను చూశాడు, నేల చూశాడు. “సారు కొట్టకపాయె, తిట్టకపాయె. జరసేపు గంప కింద కూసుండవెడితే ఏమైతది అక్కా? భయముంటెనే సదువొస్తది” అన్నాడు. పండుగ వరకు మానమను, పండుగ తెల్లారి నుంచి పంపాల్సిందేనన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. చదువంటే ఆయనకున్న భక్తి అలాంటిది. ఆ భక్తి కింద నేను నలిగిపోతున్న సంగతి ఆయనకు అందలేదు. పెద్దత్త చీర కొంగు దోపి సారు ఇంటికే పోయింది. ఆయన కుర్చీలోంచి లేవకుండా, నవ్వుతూ, “చదువు సంగతి నీకేం తెలుసమ్మా, ఇంటికి పో” అన్నాడట. ఆమె తిరిగొచ్చి ఎవరినీ ఏమీ అనలేదు. రోకలి తీసుకుని పసుపు దంచడం మొదలుపెట్టింది. అంత గట్టి నోరు అలా మూతపడటం చూసి అమ్మకే భయం వేసింది. నాకు మాత్రం పండుగ దగ్గరపడుతుంటే గుండెలో రాయి పడ్డట్టు ఉండేది. అందరి పిల్లలకూ పండుగ ఎప్పుడొస్తుందా అని, నాకేమో అది ఎప్పటికీ అయిపోకూడదని.

బోనాల రోజు రానే వచ్చింది. సున్నం, పసుపు, కుంకుమ పూసిన కుండలు, వేపమండలు, పైన దీపాలు. ఆడవాళ్లు వరసగా తల మీద బోనాలతో, ముందు డప్పులతో, ఊరి చివర పోచమ్మ గుడికి నడిచారు. మొక్కుకున్న వాళ్లు కోళ్లను గంపల్లో పెట్టి తెచ్చారు. గుడి ముందు గంపలే గంపలు. నేను అమ్మ కొంగు వదల్లేదు. సారు కూడా వచ్చాడు. ఊరి పెద్దమనుషుల పక్కన ఆయనకు కుర్చీ వేశారు. తెల్ల చొక్కా ఎండకు తళతళలాడుతోంది. నన్ను చూసి, చూపుడువేలు ఆడిస్తూ నవ్వాడు. రేపు రా, నీ సంగతి చూస్తా అని దానర్థం. నాకు అక్కడే పావడా తడిసింది.

పెద్దత్త అది చూసింది. నా పావడా చూసింది, ఆయన వేలు చూసింది. బోనం దించి అమ్మవారి ముందు పెట్టింది. డప్పు దరువు మారింది. ఉన్నట్టుండి ఆమె జుట్టు విరబోసుకుని ఊగడం మొదలుపెట్టింది. శిగం వచ్చిందని జనం గోలగా వెనక్కి జరిగారు. శిగం అంటే అమ్మవారు ఒంటి మీదికి రావడం. మా ఇంట్లో ఎవరికీ, ఎప్పుడూ రాలేదు. నాయనమ్మ గబగబా దండం పెట్టింది. ఊరి పటేల్ ముందుకొచ్చి, ఆనవాయితీ ప్రకారం, “ఏం తక్కువ చేసినం తల్లీ?” అని అడిగాడు.

“మీరు నాకేం తక్కువ చెయ్యలేదురా” అంది పెద్దత్త గొంతు. గొంతు ఆమెదే, కానీ నేను అంతవరకు వినని గొంతు. “నా పిల్లలను కోళ్లను చేసిన్రు. కోడి నాకు మొక్కుబడి ఇచ్చేది. పిల్ల నా ఒళ్లె కూసునేది. రెంటికి ఫరక్ తెల్వనోడు గీడ కుర్చీ ఏసుకొని కూసున్నడు. ఆని ముంగట మీరు చేతులు గట్టుకొని నిలవడ్డరు.”

జనం తలలు సారు వైపు తిరిగాయి. పటేల్ తటపటాయించాడు. ఎంతైనా సారు చదువుకున్నవాడు, ఊరికి కావాల్సినవాడు. “నువ్వు అమ్మవే అయితే సాక్ష్యం సూపియ్యి తల్లీ” అన్నాడు. అది కూడా ఆనవాయితీయే. దొంగ శిగాన్ని పట్టుకోవడానికి పెద్దలు అలా అడుగుతారు. పట్టుబడితే ఆ ఆడమనిషి ఇంక ఊళ్లో తలెత్తుకోలేదు, పుట్టింటి గడప తొక్కలేదు. పెద్దత్త ఊగడం ఆపకుండానే కుడిచేయి చాపింది. పూజారి ఆ అరచేతిలో కర్పూరం పెట్టి వెలిగించాడు. మంట లేచింది. ఆమె చేయి వణకలేదు. కళ్లు సారు మీదే ఉన్నాయి. కర్పూరం మొత్తం కాలి ఆరిపోయేదాకా ఆమె అలాగే నిలబడింది. ఇక అడగాల్సింది ఎవరికీ మిగల్లేదు.

“గంప తేండ్రి. ఆడు గంప కింద కూసుండి కూస్తెనే ఇయ్యాల బోనం ముడ్త. లేకపోతే ఎట్ల తెచ్చిన్రో గట్ల తీస్కపోండ్రి” అంది.

అమ్మవారు బోనం ముట్టకపోతే ఊరికి కీడని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. డప్పులు ఆగిపోయాయి. సారు కుర్చీలోంచి లేచి, నవ్వబోయి, “ఏంటి పటేల్ గారూ ఇదంతా” అన్నాడు. పటేల్ ముఖం చూసి ఆ నవ్వు సగంలో ఆగింది. మొదట కదిలింది ఎవరో తెలుసా? మా బాపు. అక్క చెబితే వినని మనిషి, కూతురు పక్క తడుపుకుంటుంటే తాయెత్తు కట్టించి ఊరుకున్న మనిషి, పోయి సారు రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. ఎవరో ఒక గంప ఎత్తితే లోపలి కోడి ఎగిరి పోయింది. సారు గొంతుక్కూర్చున్నాడు. పెద్ద మనిషికి ఆ గంప సరిపోలేదు. మోకాళ్లు బయటికి పొడుచుకొచ్చాయి, తెల్ల చొక్కా రెట్టలోకి పోయింది. బాపే గంప బోర్లించాడు.

“కూయి” అంది అమ్మవారు.

ఏదో సన్నగా వినిపించింది.

“ఇనవడ్తలే.”

గట్టిగా కూశాడు. ఊరంతా వినేలా కూశాడు. నేను నవ్వాను. అమ్మ కొంగు వదిలి, ముందుకొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని మరీ నవ్వాను. తోటి పిల్లలు కూడా నవ్వారు. గంప చుట్టూ నిలబడి ఎలా నవ్వాలో ఆయనే కదా మాకు నేర్పింది. జాలి పడి ఉండాల్సిందేమోనని ఈ మధ్య ఎవరో అన్నారు. నేను పడలేదు. నా కడుపు చల్లబడింది. ఆ రోజు తలుచుకుంటే ఇన్నేళ్లకు కూడా నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు ఉంటుంది. ఎవరేమనుకున్నా సరే.

తర్వాత గంప తీశారు. సారు పాకుతూ వచ్చి పెద్దత్త కాళ్ల మీద పడ్డాడు. తప్పయింది తల్లీ అన్నాడు. పటేల్‌కు చేతులు జోడించాడు. బాపుకు జోడించాడు. బాపు కూడా అమ్మవారికి సాష్టాంగపడి, మూఢుణ్ణి, క్షమించమని ఏడ్చాడు. కొబ్బరికాయ కొట్టాడు. అమ్మవారు శాంతించి బోనం ముట్టింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. సారు చొక్కా దులుపుకుంటూ నా ముందు నుంచే పోయాడు. చేయి చాపితే తగిలేంత దగ్గర. నా తల మీదుగా ఎటో చూసుకుంటూ పోయాడు. దసరా రాకముందే ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరికి పోయాడని విన్నాము. నా కడుపునొప్పి ఆ రోజుతో పోయింది. కనుబొమ్మ మెల్లగా మళ్లీ మొలిచింది.

మర్నాడు పెద్దత్త వాకిట్లో కూర్చుని ఉంటే, అమ్మ ఆమె అరచేతికి కలబంద గుజ్జు రాసి లోపలికి పోయింది. చేయంతా బొబ్బలు. నేను పక్కన చేరి, అమ్మవారు వస్తే చేయి కాలదంటారు కదా అత్తా అని అడిగాను. ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“అమ్మవారు రాలే, అయ్యవారు రాలే. నేనే ఊగిన. నేను చెప్తె మీ బాపు ఇనకపాయె. ఇంటికి పోయి చెప్తె సారు ఇనకపాయె. ఇగ ఎవలు చెప్తె ఇంటరో ఆమె తోని చెప్పిచ్చిన.”

అమ్మవారికి కోపం రాదా అన్నాను. “వస్తె నా మీద వస్తది. చెయ్యి కాల్చుకున్న గద, ఆమెకు నాకు చెల్లుకు చెల్లు” అని, రెండో చేత్తో నా నెత్తి మీద మొట్టింది. “పిల్లలు నోటితోని చెప్పరు బిడ్డా. కడుపుతోని చెప్తరు, గోర్లతోని చెప్తరు, పక్క తడిపి చెప్తరు. రేపు నీకు పిల్లలైతే యాది పెట్టుకో.” అంతే. మళ్లీ ఆ సంగతి ఆమె ఎత్తలేదు. పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. నేనూ ఆమె బతికుండగా చెప్పలేదు.

యాది పెట్టుకున్నాను. నా కొడుకు పెరుగుతున్నప్పుడు వాడి గోళ్లు చూసేదాన్ని, మార్కులు తర్వాత. ఇప్పుడు మా మనవరాలి వంతు వచ్చింది. నా కొడుకు ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతాడు. కోడలు అక్కడే ఒక దుకాణంలో షిఫ్టు డ్యూటీ. పిల్ల రెండో తరగతి. ఈ మధ్య దాని గౌను మెడ ఎప్పుడు చూసినా తడిగా, నమిలి నమిలి పోగులు లేచి ఉంటోంది. పొద్దున బూట్లు చూడగానే కడుపునొప్పి. కోడలు మంచిది, ఊరుకోలేదు. పెద్ద దవాఖానకు తీసుకుపోయి స్కానింగ్ చేయించింది, రక్తపరీక్షలు చేయించింది. వచ్చి, “అంతా నార్మలే అత్తమ్మా, ఏం లేదంట” అని ఊపిరి పీల్చుకుంది. ఏం లేదన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏం లేకపోతే పిల్ల గౌను ఎందుకు తింటుంది?

రెండు రోజులు కళ్లు తిప్పాను. ఇంట్లో ఎవరి ఫోన్ మోగినా పట్టించుకోని పిల్ల, ఎవరైనా ఫోన్ ఎత్తి ఫోటో తీయబోతే గుమ్మం వెనక దాక్కుంటోంది. సెలవు రోజు మధ్యాహ్నం ఒళ్లో పడుకోబెట్టుకుని, ఎవరే అని అడిగాను. “టీచర్” అంది పిల్ల. చదువుతూ తడబడితే ఆ టీచర్ దాన్ని ఫోన్‌లో వీడియో తీసి, క్లాసంతటికీ చూపించి నవ్విస్తోందట. తడబడ్డ ప్రతిసారీ. అదీ సంగతి. కాలం మారింది, గంప చిన్నదై చేతిలోకి వచ్చింది.

కొడుకూ కోడలూ బడికి పోతే నేనూ వెంట పోయాను. రావద్దన్నారు, నా నోరు వాళ్లకు తెలుసు కదా. ఆ బడి పెద్ద మేడమ్ మమ్మల్ని చల్లటి గదిలో కూర్చోబెట్టి చాయ్ ఇప్పించింది. టీచర్‌ను పిలిపించింది. టీచర్ నా కొడుకుకు సారీ చెప్పింది, కోడలికి సారీ చెప్పింది, పెద్దదాన్నని నాకు కూడా చెప్పింది. ఇంకోసారి జరగదంది. వాళ్లిద్దరూ సరేనండీ అంటూ లేచారు. నేను లేవలేదు. పిల్ల ఏదని అడిగాను. బయట బెంచీ మీద ఉంది. లోపలికి తెమ్మన్నాను.

“సారీ చెప్పాను కదమ్మా” అంది టీచర్.

“నాకెందుకు బిడ్డా? వీడియో నన్ను తీసినవా?” అన్నాను.

కోడలు నా మోచేయి గిల్లింది. గిల్లితే గిల్లింది. పిల్ల వచ్చి నా కుర్చీ వెనక నిలబడి గౌను మెడ నోట్లో పెట్టుకుంది. నిలబడి చెబితే దానికి నీ ముఖం కనబడదు, కూర్చుని చెప్పు అని టీచర్‌తో అన్నాను. టీచర్ పెద్ద మేడమ్ వైపు చూసింది. ఆమె తల దించుకుంది. టీచర్ బల్ల తిరిగి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల కళ్లలోకి చూసి చెప్పింది. పిల్ల నోట్లోంచి గౌను తీసి, “ఫోన్‌లోవి తీసేయండి టీచర్” అంది. టీచర్ ఫోన్ తీసి, పిల్లకు చూపిస్తూ, ఒక్కొక్కటే తీసేసింది. ఇంకోటుంది, అని పిల్ల వేలు పెట్టి చూపించింది.

ఇంటికి వస్తూ కారులో కోడలు, “మీకు అంత పట్టుదల పనికిరాదు అత్తమ్మా, ఆమె సారీ చెప్పింది గదా, ఇగ మరిచిపోవాలె” అంది. నా పెద్దత్త నాకోసం చేయి కాల్చుకుంది, అమ్మవారి కోపానికి ఎదురు నిలిచింది. ఆ రోజు ఊళ్లో అందరి లెక్కలూ తీరిపోయాయి. సారు అమ్మవారిని క్షమించమన్నాడు, పటేల్‌ను క్షమించమన్నాడు, మా బాపును క్షమించమన్నాడు. వాళ్లంతా క్షమించారు కూడా. సారు చనిపోయి ఎన్నో ఏళ్లయిందని విన్నాను. నేను మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. అడిగి ఉంటే ఏం చేసేదాన్నో చెప్పలేను. ఆయన నన్ను అడగలేదు.